మెట్ట పొలానికి శాస్త్రం ఏమి చేసినది?

(శతజయంతి సందర్భమున సంఘ సభ్యుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతజయంతి సభలలో ఒక పూట పల్లెవాసుల జీవనోపాధిని గురించి మాట్లాడుకోవాలని నిర్వాహకులు తలపెట్టి, ఆ పని నాకు అప్పగించారు. నేను శాస్త్రవేత్తను కాను. వ్యవసాయ శాఖలో విస్తరణ పని చేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. శాస్త్రవేత్తలు చెప్పినది రైతుకు చేరవేయడం నా ఉద్యోగం. రైతు అన్నది శాస్త్రవేత్తలకు చేరవేయమని మాత్రం నాకు ఎవరూ ఉత్తరువు ఇవ్వలేదు. ఆ రెండవ పని ఎందుకు ముఖ్యమో ఈనాటి ప్రసంగంలో కొంత తెలుస్తుంది.

వర్ధమాన దేశాలలో పల్లె ప్రజల బ్రతుకు బాగుపడడానికి వ్యవసాయ పరిశోధన ఏమి చేసినది, ఏమి చేయలేకపోయినది అన్నది నాకిచ్చిన విషయం. ప్రపంచమంతా ఒక గంటలో చుట్టిరావడం నావల్ల కాదు. కనుక మన గడపలోనే ఉన్న ఉదాహరణ ఒకటి తీసుకుంటాను. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరు వద్దనున్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ, అనగా మనమందరం ఇక్రిశాట్ అని పిలిచే సంస్థ చేసిన పని. అక్కడ పుట్టిన విత్తనాలు బర్మాకు, ఆఫ్రికాకు వెళ్ళినవి. ఆఫ్రికా నుండి వచ్చినవి మన పొలాలలో పండినవి. పంట ఎంత ఎక్కువ వచ్చినది అనేదానికంటె, వాన మొగం చాటేసిన ఏడు ఎంత తక్కువ ముంచినది అనేదే మెట్ట రైతు మొదట చూస్తాడు. చెబితే తేలికగా కనిపిస్తుంది గాని, ఈ మాట తెలుసుకోవడానికి చదువుకున్నవారికి చాలా ఏండ్లు పట్టినది.

ముందు మాగాణి సంగతి రెండు మాటలలో చెప్పి వదిలిపెడతాను. ఫిలిప్పీన్స్ దేశంలోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో ఐ.ఆర్.8 అనే పొట్టి వరిని విడుదల చేసినది. ఇండొనేషియాకు చెందిన పెటా అనే పొడుగు రకాన్ని తైవాన్‌కు చెందిన పొట్టి రకంతో సంకరపరచగా వచ్చినది అది. పాత వరికి ఎరువు వేస్తే ఏపుగా పెరిగి పడిపోయేది. ఇది పడిపోకుండా నిలిచి గింజ పెట్టినది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దానిని పండించి పేరు తెచ్చుకున్నారు. గోధుమలో అటువంటి పనే చేసిన నార్మన్ బోర్లాగ్‌కు 1970లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినది. కరవుతో అలమటించే దేశాలకు అది గొప్ప మేలు. కాని ఆ మేలంతా కాలువ క్రింద, బావి క్రింద ఉన్నవారిది. ఆకాశం వైపు చూచి సాగుచేసే మెట్ట రైతుకు, జొన్న, సజ్జ, కంది పండించుకొని తినే పేదవానికి అందులో దక్కినది స్వల్పం. గోధుమకు, వరికి అప్పటికే అంతర్జాతీయ సంస్థలు ఉండగా, ఆ పంటలకు అటువంటిది లేదు.

ఆ లోటు తీర్చడానికే 1972లో ఇక్రిశాట్‌ను స్థాపించారు. మన ప్రాంతాన్ని ఎంచుకోవడానికి ముఖ్య కారణాలలో ఒకటి మన మట్టే. ఒకే కంచె లోపల నల్లరేగడి నేల, ఎర్ర చెల్క నేల రెండూ దొరికినవి. ఈ రెండు నేలలే అటు ఆఫ్రికాలోను, ఇటు మన దేశంలోను మెట్ట సేద్యానికి ఆధారం. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ ఈ ఐదు పంటల మీద ప్రధానంగా పని సాగినది. 1975లో శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. స్వర్ణోత్సవాలలో సాధారణంగా ఎవరూ జ్ఞాపకం చేయని సంగతి ఒకటి నేను జ్ఞాపకం చేస్తాను. ఆ క్షేత్రం కొరకు మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు గ్రామాలవారు ఊళ్ళు ఖాళీచేసి వెళ్ళవలసి వచ్చినది. పేద రైతు కొరకు పెట్టిన సంస్థకు మొదటి చందా ఇచ్చినవారు ఆ రైతులే.

ఆ సంస్థలో మొక్కలు పెంచేవారితో పాటు ఆర్థిక శాస్త్రవేత్తలు కూడా ఉండడం మంచిదయినది. 1975లో వారు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామాలలోను, మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలలో నాలుగు గ్రామాలలోను మనుషులను కాపురం పెట్టించారు. వారి పని ఏమిటంటే, ఎన్నుకున్న కుటుంబాల ఇండ్లకు మూడు నాలుగు వారాలకొకసారి వెళ్ళి, ఏమి విత్తారు, ఎవరికి కూలి ఇచ్చారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఇంట్లో ఏమి వండుకున్నారు అని అడిగి వ్రాసుకోవడం. ఆడవారి పని వేరుగా, మగవారి పని వేరుగా, ఎద్దుల పని వేరుగా లెక్క వ్రాశారు. పదేండ్లు అట్లా సాగినది. మధ్యలో ఆపి, 2001 తరువాత మళ్ళీ మొదలుపెట్టారు. ఒక పల్లెటూరి సంసారాల చిట్టా ఇంత ఓపికగా వ్రాసినవారు ప్రపంచంలో బహు తక్కువ.

ఆ రోజులలోనే హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థిక శాస్త్రవేత్త రైతులతోను, కూలీలతోను ఒక ఆట ఆడించాడు. బొమ్మ బొరుసు ఆట. ఒక ఎంపికలో ఏది పడినా కొంత సొమ్ము తప్పకుండా వస్తుంది. తక్కిన ఎంపికలలో బొమ్మ పడితే చాలా ఎక్కువ, బొరుసు పడితే చాలా తక్కువ, చివరిదానిలో అయితే ఏమీ రాదు. చేతికిచ్చినది నిజమైన రూపాయలే. మొదట అణాకానీ మొత్తాలతో ఆడించి, క్రమంగా చాలా రోజుల కూలి ఎత్తు మొత్తాలకు పెంచుతూ పోయారు.

ఆట ఫలితం 1980లో ప్రచురించారు. పందెం పెద్దదైన కొలదీ దాదాపు అందరూ ఒకే తీరుగా జాగ్రత్తపడ్డారు. పొలం గలవాడు, పొలం లేనివాడు, ఇద్దరి జాగ్రత్తలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. దీని అర్థం గమనించండి. పేద రైతు కొత్త విత్తనం వేయకపోతే, ఎరువు కొనకపోతే, అతనికి ధైర్యం లేదని, మూఢుడని కచేరీలలో అనడం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాట నిలవదని ఈ ఆట చూపించినది. మనసులో ఉన్న భయం ఇద్దరిదీ ఒకటే; ఒకనికి అప్పు పుడుతుంది, పంట పోతే తినడానికి గాదెలో గింజలున్నవి. రెండవవానికి ఆ రెండూ లేవు. ఉపదేశాలు ఎన్ని చేసినా ఈ తేడా తీరదు.

ఈ సంగతి ప్రక్కనే తెలిసి ఉండి కూడా, అదే సంస్థలో ఒక గొప్ప ప్రయత్నం రైతు గడపలోనే ఆగిపోయినది. దానిని కొంచెం వివరంగా చెప్పాలి.

నల్లరేగడి నేల సంగతి మీకు తెలిసినదే. వాన పడితే బంక, కాలు పెట్టనివ్వదు. ఎండితే నెర్రెలు, నాగలి దిగదు. అందువలన మన పెద్దలు చాలచోట్ల వానకారులో ఆ నేలను ఖాళీగా ఉంచి, వానలు వెనుకపట్టిన తరువాత నేలలోని తేమ మీద జొన్నో, శనగో వేసుకునేవారు. మంచి వానలు పడే చోట కూడా ఏడాదికి ఒక్క పంట, అదీ కొద్దిపాటి. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇట్లా ఆలోచించారు. నేలను సుమారు మీటరు వెడల్పు ఎత్తు మడులుగా చేసి, మధ్య అర మీటరు కాలువలు తీస్తే మిగులు నీరు మెల్లగా పోతుంది, మడి మీద పైరుకు ఊపిరాడుతుంది. తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తితే, వాన పడిన తరువాత బురదలో దిగే పని ఉండదు. జొన్నలో కందిని అంతరపంటగా వేసి, ఎరువు వేస్తే రెండు కార్ల పంటా చేతికి వస్తుంది. 1976 నుండి పటాన్‌చెరు క్షేత్రంలో ఒక మడిచెక్కలో ఈ పద్ధతి, దాని ప్రక్క చెక్కలో పాత పద్ధతి ఏటేటా పోల్చి చూశారు. కొత్త పద్ధతిలో సాలీనా హెక్టారుకు సగటున 5 టన్నుల ధాన్యం వచ్చినది. పాత పద్ధతిలో ఒక టన్ను పైచిలుకు మాత్రమే. ఒకే నేల, ఒకే వాన, నాలుగింతలకు మించిన పంట!

ఆ మడులు చేయడానికి ట్రోపికల్టర్ అనే ఎద్దుల పరికరాన్ని సిద్ధం చేశారు. రెండు చక్రాల మీద ఒక ఇనుప దూలం. దానికే నాగలి, గొర్రు, గుంటక ఒకదాని తరువాత ఒకటి బిగించుకోవచ్చు. రైతు దాని మీద కూర్చొని తోలవచ్చు, కావాలంటే బండిగానూ కట్టుకోవచ్చు. చూచినవారందరూ మెచ్చుకున్నారు. మెదక్ జిల్లాలోని తడ్డన్‌పల్లి వంటి గ్రామాలలో రైతుల పొలాలలోనే చేసి చూపించారు. పంట బాగానే వచ్చినది. ఆ తరువాత శాస్త్రవేత్తలు వెనుకకు తగ్గి, పల్లెలు వాటంతటవే తీసుకుంటాయని ఎదురుచూశారు. పరికరాన్ని కొన్నవారు మాత్రం బహు కొద్దిమంది.

ఇటువంటి చక్రాల పరికరాలు ఆఫ్రికాలోను, ఆసియాలోను, లాటిన్ అమెరికాలోను ఎక్కడెక్కడ ప్రవేశపెట్టారో అన్నీ వెదకి పాల్ స్టార్కీ అనే నిపుణుడు 1988లో ఒక పుస్తకం ప్రచురించాడు. పరికరాన్ని ఎంతో చక్కగా తీర్చిదిద్దినారు గాని రైతులు కాదన్నారు అన్నది ఆ పుస్తకం పేరులోనే ఉన్నది. కారణాలు అంతుపట్టనివేమీ కావు. ఖరీదు ఎక్కువ. బరువు ఎక్కువ. సాధారణ రైతు ఎద్దులు దానికి చాలవు. నాగలి విరిగితే ఊరి వడ్రంగి బాగుచేస్తాడు, దీని చక్రం పాడైతే పట్నం తీసుకుపోవాలి. ఒక్కొక్కటి వేరుగా ఉంటే నాగలి ఒకరికి ఎరువిచ్చి, గొర్రు మరొకరి దగ్గర తెచ్చుకోవచ్చు. అన్నీ ఒకటే అయితే ఆ వీలు లేదు. పొడి దుక్కిలో విత్తిన తరువాత తొలకరి మోసం చేస్తే విత్తనం పోయినట్లే. మడి కాలువలలో నీళ్ళు ప్రక్కవాని చేలోకి పోతే తగాదా. పటాన్‌చెరు క్షేత్రంలో ప్రక్కవాడు లేడు.

అయితే రైతులు అంతా విసర్జించారని చెప్పడం న్యాయం కాదు. ఆ మూటలో నుండి తమకు నప్పినది ఏరుకున్నారు. మంచి విత్తనం తీసుకున్నారు, కొద్దిగా ఎరువు తీసుకున్నారు, కంది అంతరపంటను తమ తీరుగా సవరించుకున్నారు. బండిని మాత్రం వదిలేశారు. మొత్తం మూటను ఒకేసారి ఎత్తుకోమనడం పరిశోధకుల కోరిక. ఒక్కొక్క పోగు లాగి చూచి తీసుకోవడం రైతు పద్ధతి.

జొన్న సంగతి కూడా ఇటువంటిదే. 1964లో సి.యస్.హెచ్.1 అనే మొదటి సంకర జొన్న మన దేశంలో విడుదలైనది. తరువాత ఎన్నో వచ్చినవి, వానకారులో వ్యాపించినవి. రబీలో మాత్రం మాలదండి నుండి 1930 దశకంలో మహారాష్ట్రలోని మోహోల్‌లో ఎంపికచేసిన ఎం.35-1 రకమే తరతరాలుగా నిలిచి ఉన్నది. ఎందుకని అడిగితే శాస్త్రవేత్త గింజ తూకం చూస్తాడు. రైతు భార్యను అడగండి. ముత్యంవంటి గింజ, రొట్టె మెత్తగా వస్తుంది, మరునాటికి కూడా తినవచ్చు అంటుంది. రైతును అడగండి. చొప్ప పొడవుగా, తియ్యగా ఉంటుంది, ఎద్దులు వదలకుండా తింటాయి అంటాడు. హైదరాబాదులో పాడిపశువులు గలవారికి చొప్ప అమ్మే వ్యాపారులు నాణ్యమైన చొప్పకు ఎక్కువ ధర ఇస్తారు. కరవు ఏడు గింజ రాకపోయినా చొప్ప వస్తుంది, పశువు బ్రతుకుతుంది. గింజను మాత్రమే తూచే త్రాసులో ఈ సగం విలువ పడనే లేదు. చాలకాలానికి గాని మేత నాణ్యతను కూడా పరీక్షించే పద్ధతి ప్రజనన కార్యక్రమాలలోకి రాలేదు.

ఇక రైతు చేయి చాచి తీసుకున్న వాటిని చెబుతాను. వీటిలో మొదటిది శనగ.

శనగ చలికాలపు పంట. ఉత్తర దేశంలో చలి నెలల తరబడి ఉంటుంది, అక్కడి రకాలు నింపాదిగా పెరుగుతాయి. మన వైపు చలి రెండు నెలలు ఉంటే గొప్ప. తరువాత ఎండలు ముదిరి, నేలలో తేమ ఆరిపోయి, కాయ నిండకముందే మొక్క మాడిపోతుంది. దానికి తోడు ఎండు తెగులు. అందువలన దక్షిణాదికి శనగ పనికిరాదనే అభిప్రాయం పాతుకుపోయినది. శాస్త్రవేత్తలు ఇక్కడ ఎక్కువ పండే మొక్క కొరకు కాక, త్వరగా ముగించుకొని బయటపడే మొక్క కొరకు వెదికారు. తేమ ఆరిపోకముందే కాయ ముదరాలి, ఎండు తెగులుకు తట్టుకోవాలి. ఆ విధంగా వచ్చిన కాబూలీ శనగను మన రాష్ట్రంలో శ్వేత అని పిలిచారు. 1999లో జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి రూపొందించిన జె.జి.11 విడుదలైనది. సుమారు వంద రోజుల పంట. నంద్యాల పరిశోధనా కేంద్రం వంటివి దానిని రైతుల పొలాల వరకు తెచ్చినవి.

కర్నూలు, ప్రకాశం, కడప, అనంతపురం జిల్లాల నల్లరేగళ్ళలో ఏమి జరిగినదో మీలో చాలమందికి కండ్లారా తెలుసు. 1999 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో శనగ సాగు సుమారు 1 లక్షా 60 వేల హెక్టార్లు. 2008 నాటికి సుమారు 6 లక్షల హెక్టార్లు. హెక్టారుకు 600 కిలోలకు లోపున్న దిగుబడి 1400 కిలోలు దాటినది. ప్రత్తికి పురుగు మందులు కొట్టి కొట్టి అప్పులపాలైన రైతు, పొగాకుతో విసిగిన రైతు శనగ వైపు తిరిగారు. శనగకు నీరు కట్టనక్కరలేదు, మందు ఖర్చు తక్కువ, ట్రాక్టరు గొర్రుతో విత్తవచ్చు. ఇంటి దగ్గర దాచుకున్న గింజనే మరుసటి ఏడు విత్తుకోవచ్చు. ఈ చివరి గుణం వలన విత్తనం ఒక రైతు నుండి మరొక రైతుకు, వియ్యంకుని నుండి వియ్యంకునికి పాకినది. ఇంత త్వరగా ఏ విస్తరణాధికారి వల్లా పాకించడం కాదు, ఆ శాఖలో పనిచేసినవాణ్ణి గనుక చెబుతున్నాను.

ఆ శ్వేత శనగనే బర్మా దేశంలో యెజిన్-3 అనే పేరుతో విడుదల చేశారు. అక్కడి మధ్య ప్రాంతపు ఎండు భూములలో, వరి కోసిన తరువాత మిగిలిన తేమ మీద అది బాగా పండి, ఆ దేశపు శనగ సాగులో పెద్ద వాటా ఆక్రమించినది. మన తాతల కాలంలో రంగూను వెళ్ళి కూలిచేసిన తెలుగువారి కథలు ఇప్పటికీ మన ఇండ్లలో చెప్పుకుంటారు. పటాన్‌చెరు శనగ కూడా ఆ దారినే పోయినది.

వచ్చినవీ ఉన్నవి. సజ్జలో మన దేశం 1965లో హెచ్.బి.1 అనే సంకరాన్ని విడుదల చేసి విశేషంగా పండించినది. తరువాత కొద్ది ఏండ్లకే వెర్రికంకి తెగులు వచ్చి సంకర సజ్జ చేలను నాశనం చేసినది. లక్షల ఎకరాలలో ఒకే రకపు మొక్క ఉంటే, ఒకదానిని పట్టిన తెగులు అన్నిటినీ పడుతుంది. ఆ దెబ్బ తరువాత ఇక్రిశాట్ వారు ఆఫ్రికా విత్తనం వైపు చూశారు. నైజీరియా మూలం గల డబ్ల్యు.సి.సి.75 అనే రకం 1982లో వచ్చినది. ఉత్తర టోగోలో రైతులు పండించుకునే పెద్ద గింజ సజ్జ నుండి ఎంపికచేసిన ఐ.సి.టి.పి.8203 మహారాష్ట్రకు, ఆంధ్రప్రదేశ్‌కు 1988లో విడుదలైనది. ఇవి సంకరాలు కావు. గింజ దాచుకొని విత్తుకోవచ్చు. దిగుబడిలో సంకరాలకు కొంత తగ్గినా, తెగులుకు ఒక్కసారిగా కూలిపోవు. ఆ టోగో సజ్జలోనే ఇనుము ఎక్కువగా ఉన్న మొక్కలను ఏరి, ధనశక్తి అనే పేరుతో 2012లో మహారాష్ట్రలో విడుదల చేశారు. రక్తహీనతతో బాధపడే ఆడపిల్లలకు రొట్టెలోనే కొంత ఇనుము అందాలని ఉద్దేశం. టోగో దేశపు రైతు పేరు ఆ సంచి మీద ఎక్కడా ఉండదు.

పటాన్‌చెరులో ఇటువంటి విత్తన నమూనాలు లక్షా ఇరవై వేలకు మించి చల్లని గదులలో దాచి ఉన్నవి.

శనగ దగ్గరకు మళ్ళీ వస్తాను. కథ దిగుబడితో ముగియలేదు. శనగ లాభమని తెలియగానే నల్లరేగడి కౌలు పెరిగినది. భూమి గల ఆసామి పట్నంలో కూర్చొని ఎక్కువ కౌలు అడిగాడు. విత్తనంలో శాస్త్రవేత్త పెట్టిన లాభం చాలవరకు ఆ కౌలులోకి పోయినది. 2013 ప్రాంతంలో ధర పడిపోయినప్పుడు ప్రకాశం జిల్లా శీతల గిడ్డంగులలో శనగ బస్తాలు అమ్ముడు పోక నెలల తరబడి నిలిచిపోయినవి. గిడ్డంగి అద్దె ఒక ప్రక్క, వడ్డీ ఒక ప్రక్క. కౌలుదారుకు పట్టా కాగితం లేదు గనుక బ్యాంకు అప్పు దొరకడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వారికి కార్డులు ఇవ్వడానికి వచ్చినవి. కాని ఆసామి ఒప్పుకుంటేగాని కార్డు చేతికి రాని చోట చట్టం ఏమి చేయగలదు? మన సంఘాలలో సొంత చెక్క కంటె కౌలు చెక్క ఎక్కువగా దున్నేవారు ఎంతమందో మీకే తెలుసు.

ఆడవారి సంగతి కూడా ఉన్నది. శనగ మొక్క ఆకుల మీద పులుపు ఊరుతుంది. చేత్తో పీకేవారి వేళ్ళు మండిపోయి, పొక్కులు లేస్తాయి. ఈ మధ్య నంద్యాలవారు ధీర అనే శనగను తెచ్చారు. నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది కనుక యంత్రంతో కోయవచ్చు. చేతుల మంట పోయినది, సంతోషమే. ఆ కోత కూలి మీద ఆధారపడిన ఇండ్లకు ఆ పది పదిహేను రోజుల కూలి కూడా పోయినది. ఈ రెండిటిని తూచి ఏది బరువో నేను చెప్పలేను. పీకే ఆమెను అడగకుండా ఎవరూ చెప్పరాదని మాత్రం నా అభిప్రాయం.

ఇక వేరుశనగ. అనంతపురం జిల్లాలో 1940లో తిండివనంలో విడుదలైన టి.యం.వి.2 అనే రకమే అరవై ఏండ్లకు పైగా రాజ్యం చేసినది. మంచి రకాలు రాలేదా అంటే వచ్చినవి. కరవుకు తట్టుకొని తొంభై, తొంభై ఐదు రోజులలో ముగిసే ఐ.సి.జి.వి.91114 రకాన్ని 2006లో విడుదల చేశారు. కదిరి పరిశోధనా కేంద్రంవారి రకాలూ ఉన్నవి. మరి రైతు ఎందుకు ఆలస్యం చేశాడు? లెక్క చూడండి. సజ్జ ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలు. ఒక బస్తాతో ఊరు ఊరంతా విత్తుకోవచ్చు. వేరుశనగ ఎకరాకు అరవై కిలోలకు తక్కువ కాకుండా గింజ కావాలి. ఒక బస్తా విత్తితే ఎనిమిది, పది బస్తాలే తిరిగి వస్తాయి. కరవు ఏడు అదీ రాదు. కనుక కొత్త రకం ఒక మండలానికి సరిపడా తయారయ్యేసరికి ఏండ్లు గడుస్తాయి. రైతు గింజ దాచుకోగలడు కనుక ప్రైవేటు కంపెనీలకు అందులో లాభం లేదు, వారు ముట్టరు. విత్తనం ప్రభుత్వమైనా పెంచాలి, రైతులే కలిసి పెంచుకోవాలి. ఆఫ్రికాలోని మలావీలో 1990లో విడుదలైన సి.జి.7 వేరుశనగకూ ఇదే చిక్కు. అక్కడ కొన్ని చోట్ల గ్రామానికి కొంత విత్తనం అప్పుగా ఇచ్చి, పంట వచ్చిన తరువాత ఎక్కువ కొలతతో తిరిగి తీసుకొని, దానిని మరికొందరికి ఇచ్చే పద్ధతి నడిపారు. మన పూర్వపు నాము పద్ధతి లాంటిదే. మహిళా సమాజంవారు, యువజనులు ఒక ఎకరం చేలో ఇటువంటి విత్తనం పెంచడం పెద్ద పని కాదు.

ఆఖరుగా ఒక చిన్న సంగతి. చిన్నదైనా, నేను చూచినంతలో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చినది ఇదే. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999లో ఇక్రిశాట్‌వారు ఇతర సంస్థలతో కలిసి నీటి పరీవాహక పథకం మొదలుపెట్టారు. చెక్‌డ్యాములు కట్టారు, బావులలో నీరు పెరిగినది. అటువంటి పనులతోపాటు మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు జిల్లాలలో రైతుల పొలాల మట్టి పరీక్షించారు. నత్రజని, భాస్వరం మాట అందరికీ తెలుసు. కాని పరీక్షించిన పొలాలలో అధిక భాగంలో గంధకం, జింకు, బోరాను లోపించినవని తేలినది. ఎవరూ అనుమానించనిది. కొద్దిపాటి జిప్సం, జింకు సల్ఫేటు, బోరాక్సు వేస్తే మొక్కజొన్న, వేరుశనగ, పెసర దిగుబడులు చెప్పుకోదగినంతగా పెరిగినవి. కొత్త విత్తనం కాదు, కొత్త బండి కాదు, అప్పు చేయనక్కరలేదు. వాన పోయినా పెద్దగా మునిగేదీ లేదు.

మట్టి ఎట్లా తీయాలో చాలమంది తప్పుగా చేస్తారు గనుక చెప్పి ముగిస్తాను. వేసవిలో, చేను ఖాళీగా ఉన్నప్పుడు తీయాలి. గట్టు దగ్గర, చెట్టు నీడలో, పెంట పోసిన చోట తీయరాదు. చేనంతటా వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది, పది చోట్ల పైన ఉన్న చెత్త తీసివేసి, పారతో జానెడు లోతున ఆంగ్ల అక్షరం వి ఆకారంలో గుంట చేసి, ప్రక్క నుండి పై నుంచి క్రింది వరకు పలుచని పెళ్ళ తీయాలి. అన్నీ ఒక గోనెపట్టా మీద పోసి, గడ్డలు నలిపి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారవేయాలి. మిగిలినది మళ్ళీ కలిపి, మళ్ళీ అట్లాగే చేయాలి. అర కిలో మిగిలే వరకు. ఎరువుల సంచిలో పోయకండి, ఆ ఎరువు లెక్కలోకి వచ్చేస్తుంది. నీడలో ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డ సంచిలో పోసి, పేరు, ఊరు, సర్వే నంబరు, వెనుక వేసిన పంట వ్రాసిన చీటి లోపల ఒకటి, బయట ఒకటి పెట్టి, మండల వ్యవసాయాధికారికి ఇవ్వండి. గంధకం, జింకు, బోరాను కూడా చూడమని అడగండి. అడగకపోతే చూడకపోవచ్చు. ఎర్ర చేను, నల్ల చేను రెండూ ఉన్నవారు రెండు సంచులు వేరువేరుగా తేవాలి.